రివర్స్ కెమెరా: ఇంజిన్ ఆఫ్‌లో బాగుంది, స్టార్ట్ చేస్తే బొమ్మ వణుకుతోంది

కొత్తస్టీరింగ్
అందరికీ నమస్కారం. నా హ్యాచ్‌బ్యాక్‌కి రివర్స్ కెమెరా నేనే పెట్టుకుంటున్నాను. టచ్ స్క్రీన్ స్టీరియో ముందే ఉంది, బయట కొన్నది, కారుతో వచ్చింది కాదు. కెమెరా నంబర్ ప్లేటు పైన లైట్ల మధ్య బిగించే రకం. ఇంకా ట్రిమ్ ఏదీ విప్పలేదు, వైర్లు సీట్ల మీదుగా లాగి టెస్ట్ చేస్తున్నా.

కనెక్షన్ ఇలా ఇచ్చాను. కెమెరా ఎర్ర వైరు రివర్స్ లైటు పాజిటివ్‌కి, నల్ల వైరు అదే లైటు నెగటివ్‌కి. పసుపు పిన్ను వీడియో కేబుల్ స్టీరియో వెనక కెమెరా ఇన్‌పుట్‌లోకి. కేబుల్ వెంట వచ్చిన సన్నటి ఎర్ర తీగ ఒక కొస రివర్స్ లైటు పాజిటివ్‌కి, రెండో కొస స్టీరియో 'బ్యాక్' వైరుకి (రివర్స్ పడిందని స్టీరియోకి చెప్పేది).

తాళం ఆన్ చేసి రివర్స్ వేస్తే బొమ్మ చక్కగా వస్తోంది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే మాత్రం అడ్డ గీతలు పాకుతున్నాయి. మధ్యమధ్యలో నల్లబడుతోంది, ఒక్కోసారి స్టీరియో హోమ్ స్క్రీన్‌కి దూకేసి మళ్ళీ కెమెరాకి వస్తోంది. కెమెరా మార్పించుకోవాలా?

హ్యాచ్‌బ్యాక్_హరి
ఎర్త్ సమస్య బ్రదర్. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. డిక్కీ డోరు ఎర్త్ చాలాసార్లు సరిగా ఉండదు. బాడీకి బిగించిన బోల్టు దగ్గర పెయింటు గీకి, రింగ్ టెర్మినల్‌తో ఎర్త్ ఇవ్వండి. గీతలు పోతాయి.

సుజాత_ఆర్
కెమెరా పాల్, స్టీరియో ఎన్‌టీఎస్‌సీ (రెండూ వేర్వేరు వీడియో పద్ధతులు) అయితే కూడా బొమ్మ పైకీ కిందకీ దొర్లుతుంది, లేదా రంగు పోయి నలుపు తెలుపులో వస్తుంది. కానీ అదే కారణమైతే ఇంజిన్ ఆపినా అలాగే ఉండాలి కదా. మీకు ఇంజిన్‌తోనే వస్తోంది కాబట్టి అది కాదనుకుంటా.

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
హరి గారు, ఎర్త్ కూడా కావచ్చు, కాదనను. కానీ హోమ్ స్క్రీన్‌కి దూకుతోందన్నారు చూడండి, దానికి ఎర్త్ కన్నా వేరే కారణం ఎక్కువ సరిపోతుంది.

కొత్తస్టీరింగ్ గారూ, కెమెరా మార్చకండి. ముందు మల్టీమీటరు చేతికి తీసుకోండి. డీసీ వోల్ట్స్‌లో పెట్టి రివర్స్ లైటు హోల్డర్ దగ్గర రెండు రీడింగులు కావాలి, ఒకటి ఇంజిన్ ఆపి, ఒకటి ఇంజిన్ నడుస్తుండగా. రెండుసార్లూ బ్యాటరీ టెర్మినల్స్ మీద కూడా కొలవండి. ఇంజిన్ నడుస్తూ రివర్స్‌లో ఉన్న కారు వెనక మీరు నిలబడకూడదు. మీటరు తీగలు పక్కకి లాగి పెట్టుకోండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలు పెట్టి ఒక మనిషి సీట్లో ఉండాలి. తలుపులు మూసిన షెడ్డులో ఈ పని వద్దు, పొగ నిలబడిపోతుంది.

టెస్ట్ ల్యాంపు మాత్రం వాడకండి. కొత్త కార్లలో లైట్లు కంప్యూటర్ బాక్సు నుంచి నేరుగా నడుస్తాయి, తప్పు తీగని పొడిస్తే బల్బు లాగే కరెంటుకి లోపలి భాగం ఏదైనా పోవచ్చు.

పాతకారు_ప్రియుడు
ఇంత టెన్షన్ ఎందుకండీ, వైర్‌లెస్ కెమెరా కొనుక్కుంటే పోయేది.

రిలే_రామం
వైర్‌లెస్‌లో తప్పేది వీడియో కేబుల్ ఒక్కటే అన్నా. కెమెరాకి, ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు వెనక ఆ రివర్స్ లైటు నుంచే ఇవ్వాలి. సమస్య కరెంటులో ఉంటే అది అక్కడే ఉంటుంది. పైగా చాలావాటిది 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్, వైఫై, బ్లూటూత్ కూడా ఆ బాండ్‌లోనే ఉంటాయి. పొడవైన ట్రైలర్‌కో, బస్సుకో అంటే అర్థం ఉంది. హ్యాచ్‌బ్యాక్‌కి కేబులే మేలు.

కొత్తస్టీరింగ్
మూర్తి గారు, కొలిచాను.
ఇంజిన్ ఆపి: బ్యాటరీ 12.4, లైటు దగ్గర 12.2.
ఇంజిన్ నడుస్తుండగా: బ్యాటరీ 14.2, లైటు దగ్గర 11.9.
ఇంజిన్ స్టార్ట్ చేస్తే లైటు దగ్గర పెరగాలి కదా, తగ్గిందేమిటి?

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
అదే మనకి కావాల్సిన ఆధారం. మీ కారు రివర్స్ లైటుకి పీడబ్ల్యూఎం పద్ధతిలో కరెంటు ఇస్తోంది.

విషయం ఏమిటంటే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ 14 వోల్ట్ల పైన ఇస్తుంది. అంత వోల్టేజీ నేరుగా ఇస్తే బల్బు జీవితం తగ్గుతుంది. అందుకని బాడీ కంప్యూటర్ కరెంటుని సెకనుకి వంద సార్లకు అటూ ఇటూగా ఆపి ఆపి ఇస్తుంది. కుళాయిని గబగబా తిప్పి కడుతూ విప్పుతూ బకెట్ నింపినట్టు అనుకోండి. బల్బు ఫిలమెంటు వేడిగానే ఉంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. మీటరు సగటు చూపిస్తుంది, అందుకే 11.9. నిజానికి ఆ తీగలో ఒక క్షణం 14, ఒక క్షణం సున్నా. ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీ వోల్టేజీయే తక్కువ, కత్తిరించాల్సిన పని లేదు, కరెంటు తిన్నగా వస్తుంది. అందుకే అప్పుడు బొమ్మ బాగుంది.

కెమెరాలో ఉండేది ఎలక్ట్రానిక్స్. సున్నా వచ్చిన ప్రతిసారీ అది ఊగుతుంది, అవే గీతలు. కాస్త ఎక్కువసేపు పడిపోతే రీస్టార్ట్ అవుతుంది, అదే నల్లబడటం. స్టీరియోకి ఇచ్చిన 'బ్యాక్' సిగ్నల్ కూడా అదే తీగ నుంచి వెళ్తోంది కాబట్టి రివర్స్ తీసేశారేమో అనుకుని హోమ్ స్క్రీన్‌కి వెళ్ళిపోతోంది.

ఖాయం చేసుకోవాలంటే కెమెరాకి మాత్రం విడిగా 12 వోల్ట్ల చిన్న బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి, ఇంజిన్ నడుపుతూ చూడండి. మీటరులో హెర్ట్జ్ రేంజ్ ఉంటే అదీ చూడొచ్చు. ఏసీ రేంజ్‌లో వచ్చే అంకెని మాత్రం నమ్మకండి, సాదా మీటర్లు కొన్ని మామూలు డీసీకే అక్కడ ఏదో ఒక అంకె చూపిస్తాయి.

కొత్తస్టీరింగ్
యూపీఎస్ బ్యాటరీ తీసి పెట్టాను. గీతలు లేవు! కానీ స్క్రీన్ ఇంకా హోమ్‌కి దూకుతూనే ఉంది.

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
సరిపోయింది. కెమెరా బాగుంది, స్టీరియో బాగుంది. ఆ తీగలో కరెంటుని చదును చేయాలి, అంతే.

హ్యాచ్‌బ్యాక్_హరి
ఒప్పుకున్నాను 🙂 మరి రిలే (చిన్న కరెంటుతో పని చేసే స్విచ్చు) పెడితే సరి కదా. రివర్స్ లైటుతో రిలే పని చేస్తుంది, కెమెరాకి కరెంటు తాళంతో ఆన్ అయ్యే ఏసీసీ లైను నుంచి తీసుకోవచ్చు.

రిలే_రామం
నా పేరే రిలే కాబట్టి నేనే చెప్తా. ఉత్త రిలే పెడితే చాలదు. దాని కాయిల్‌కి కూడా ఆ ముక్కల కరెంటే కదా వెళ్ళేది, టకటకా కొట్టుకుంటుంది. పైకి వినపడకపోయినా లోపల కాంటాక్టులు అదురుతాయి, కొన్నాళ్ళకి కాలిపోతాయి. కాయిల్ ముందు డయోడు (కరెంటుని ఒక్క దిక్కుకే పోనిచ్చేది), కెపాసిటర్ (కరెంటుని కాసేపు నిలవ ఉంచేది) పెట్టాలి. అవి పెట్టేటప్పుడు ఒక్క కెమెరా కోసం అసలు రిలేయే అక్కర్లేదు.

లెక్క చూడండి. ఇలాంటి చిన్న కెమెరా లాగేది 100 మిల్లీ యాంపులు అనుకుందాం. మీ రీడింగులను బట్టి కరెంటు లేని సమయం ప్రతి విడతలో ఆరో వంతు దాకా, అంటే వంద హెర్ట్జ్ దగ్గర 1.6 మిల్లీ సెకన్లు. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటే ఆ కాసేపట్లో పడేది 0.16 వోల్టు. కెమెరాకి అది తెలియను కూడా తెలియదు.

ఈ ఫిల్టరు వరస ఇదీ: రివర్స్ లైటు పాజిటివ్ → 1 యాంపు ఫ్యూజు → 10 ఓమ్‌ల అర వాట్ రెసిస్టరు → 1ఎన్4007 డయోడు, గీత ఉన్న వైపు కెమెరా దిక్కుకి → అక్కడ కెపాసిటర్ ప్లస్, దాని మైనస్ ఎర్త్‌కి. ఈ చోటు నుంచే కెమెరా పాజిటివ్, ఇక్కడి నుంచే స్టీరియోకి వెళ్ళే ఎర్ర తీగ. ఎర్ర తీగని పాతచోటే వదిలేస్తే స్క్రీన్ దూకడం తగ్గదు.

సుజాత_ఆర్
రెసిస్టరు ఎందుకండీ? డయోడు ఎందుకో అర్థమైంది, కెపాసిటర్లో నిలవున్న కరెంటు వెనక్కి బల్బులోకి పోకుండా.

రిలే_రామం
ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్ట్ లాగే కనిపిస్తుంది సుజాత గారు. బాడీ కంప్యూటర్ దాన్ని నిజం షార్ట్ అనుకుని ఆ లైనుని ఆపేయకుండా ఆ పది ఓమ్‌లు. కెమెరా నడిచేటప్పుడు అందులో పోయేది ఒక్క వోల్టు, డయోడులో ఇంకో 0.7. పద్నాలుగు నుంచి అది పోయినా పన్నెండు పైనే మిగులుతుంది.

కెపాసిటర్ 16 వోల్ట్లది వద్దు. కారులో వోల్టేజీ ఎగిరిపడుతుంటుంది. 25 కనీసం, 35 ఐతే నిశ్చింత. 105 డిగ్రీల రకం తీసుకోండి, ఎండలో డిక్కీ డోరు లోపల బాగా కాగుతుంది. ప్లస్ మైనస్ తిరగేస్తే పేలుతుంది, బిగించే ముందు మరోసారి చూసుకోండి.

హ్యాచ్‌బ్యాక్_హరి
నేనైతే ఇప్పటికీ రిలే వైపే. రేపు ఇంకేదైనా తగిలించాలన్నా పనికొస్తుంది. కంప్యూటర్ లైను మీద బరువు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
21 వాట్ల బల్బు నడిపే లైను అది, దాదాపు 1.75 యాంపులు. దాని పక్కన 0.1 యాంపు బరువే కాదు. అదే వెనక అదనపు లైట్లు, సైరన్ లాంటివి పెట్టేవాళ్ళకి హరి గారి మాట కరెక్టు, అప్పుడు ఫిల్టరుతో కలిపి రిలే. రిలే పిన్ నంబర్లలో 85, 86 కాయిల్, 30కి ఫ్యూజుతో ఏసీసీ, 87 నుంచి కెమెరా. లోపల డయోడు ఉన్న రిలే అయితే కాయిల్‌కి కూడా ప్లస్ మైనస్ ఉంటుంది, పైన బొమ్మ చూసి కలపండి.

ఇంకో దారి ఉంది, ఎవరూ అనలేదు. కొన్ని స్టీరియోలకి కారు కంప్యూటర్‌తో మాట్లాడే క్యాన్ బాక్సు ఉంటుంది. రివర్స్ పడిందన్న సంగతి దాని ద్వారానే స్టీరియోకి తెలుస్తుంది, దాని హార్నెస్‌లో 'రివర్స్' అని విడిగా 12 వోల్ట్ల తీగ వస్తే అది శుభ్రమైన కరెంటు. అది ఉంటే వెనక బల్బు జోలికే పోనక్కర్లేదు. స్టీరియో దగ్గరే ఆ కరెంటు ఆ సన్నటి ఎర్ర తీగకి ఇచ్చి వెనక్కి పంపొచ్చు.

కొత్తస్టీరింగ్
క్యాన్ బాక్సు లేదండి. రామం గారి ఫిల్టరే చేస్తా. తీగ కలపడానికి ఆ నీలం రంగు నొక్కుడు క్లిప్పులు ఉన్నాయి, అవి చాలా?

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
వద్దు. వాటిలో బ్లేడు రాగి పోగుల్ని కొన్ని తెంపుతుంది, తడి తగిలే చోట ఏడాది తిరక్కుండా పచ్చగా చిలుము పడుతుంది. ఇన్సులేషన్ కాస్త ఒలిచి, చుట్టి, సోల్డర్ పెట్టి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) ఎక్కించండి. సోల్డరింగ్ రాకపోతే మంచి క్రింప్ జాయింటు కూడా బాగానే ఉంటుంది. ఉత్త టేపు చుట్టి వదిలేస్తే ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది.

వెనకసీటు_వ్యాసుడు
మధ్యలో వస్తున్నా. కేబుల్ పైన రూఫ్ లైనింగ్ గుండా తీయాలా, కింద గుమ్మాల గుండా తీయాలా? నాదీ ఇదే పని ముందుంది.

సుజాత_ఆర్
కిందే. పైన కిటికీల అంచునా, ముందు స్తంభాల్లోనూ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. కేబుల్ వాటి మీదుగా పోతే విచ్చుకునేటప్పుడు అడ్డుపడొచ్చు. నేను చేసినప్పుడు డిక్కీ నుంచి వెనక సీటు పక్క ప్యానెల్ లోపలికి, అక్కడి నుంచి రెండు తలుపుల గుమ్మం ప్లాస్టిక్ కిందుగా, ముందు కాలి పక్క ప్యానెల్ దాటించి డ్యాష్‌బోర్డు వెనక్కి తీసుకెళ్ళాను. గుమ్మం ప్లాస్టిక్ పైకి లాగితే క్లిప్పులు ఊడి వస్తాయి, స్క్రూడ్రైవర్ వద్దు, ప్లాస్టిక్ ట్రిమ్ టూలుతో.

పసుపు రంగు కనెక్టర్లు, పసుపు గొట్టంలో తీగలు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగు, సీట్ బెల్టు తాలూకువి. ఊడదీయకండి, మీటరు పెట్టకండి, మన కేబుల్ వాటికి కట్టకండి. నేనైతే ట్రిమ్ విప్పే ముందే బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగుతా. స్టీరియోకి కోడ్ ఉంటే అది ముందే దగ్గర పెట్టుకోవాలి.

యాంప్లిఫయర్ ఉన్న కారైతే దాని లావు పవర్ కేబుల్ వెళ్ళే వైపు కాకుండా రెండో వైపు నుంచి తీయండి.

వెనకసీటు_వ్యాసుడు
డిక్కీ డోరు నుంచి బాడీలోకి రబ్బరు గొట్టం ఉంది, అందులోంచి దూరట్లేదని మా తమ్ముడు చేతులెత్తేశాడు.

హ్యాచ్‌బ్యాక్_హరి
అందరం అక్కడే ఆగుతాం. మొత్తం పనిలో చేతుల తోలు లేచేది అదొక్క చోటే. గొట్టం రెండు కొసలూ బాడీ నుంచి ఊడదీయండి, అలా వదులుగా ఉంటేనే దారి. లోపల కాస్త సిలికాన్ స్ప్రే కొట్టండి, అది లేకపోతే సబ్బు నీళ్ళు. గట్టి తీగ ఒకటి ముందు దూర్చి, దాని కొసకి కేబుల్ కట్టి టేపుతో నున్నగా చుట్టి లాగండి. పసుపు పిన్ను లావు కాబట్టి చాలా కిట్లలో కెమెరా వైపు చిన్న కనెక్టరు ఉంటుంది, సన్న కొసనే గొట్టంలోకి పంపండి.

అన్నీ బిగించే ముందు డోరు పూర్తిగా తెరిచి మూసి చూడండి. తెరిచినప్పుడు కేబుల్ బిగుసుకుంటే కొన్ని నెలలకి లోపల తెగుతుంది, పైకి ఏమీ కనపడదు. గొట్టాన్ని పక్కన పెట్టి బీడింగు మీదుగా కేబుల్ తీసేవాళ్ళు ఉంటారు, దయచేసి చేయకండి, వానాకాలం డిక్కీలో నీళ్ళే.

పాతకారు_ప్రియుడు
నీళ్ళంటే గుర్తొచ్చింది. కెమెరా వైరు కోసం రేకుకి కన్నం పెడితే ఆ అంచుకి ప్రైమరు పూయకుండా వదిలేస్తారు, రెండేళ్ళకి నంబర్ ప్లేటు చుట్టూ తుప్పు. గరుకు అంచు అరగదీసి, ప్రైమరు ఆరాక రబ్బరు గ్రోమెట్ పెట్టాలి. వీలైతే కన్నమే వద్దు, నంబర్ ప్లేటు లైటు గూటిలోంచి దారి దొరుకుతుంది చాలా కార్లలో. సీలెంట్ కొడితే వెనిగర్ వాసన వచ్చే రకం కాకుండా న్యూట్రల్ రకం కొట్టండి, ఆ వాసన యాసిడ్‌ది, రాగినీ రేకునీ తింటుంది. కన్నంలోకి వెళ్ళే ముందు వైరు కిందికి వంగి పైకి లేవాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

కెమెరా మీద ఐపీ67 అని ఉందని మురిసిపోకండి. మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకోవడానికి పెట్టే పరీక్ష అది. సర్వీసు సెంటర్లో ప్రెషర్ గన్నుతో దగ్గర నుంచి కొట్టే నీళ్ళకి వేరే రేటింగు, ఐపీ69కె. కారు కడిగించేటప్పుడు గన్ను కాస్త దూరంగా పట్టమనండి.

కొత్తస్టీరింగ్
ఫిల్టరు పెట్టాను. ఇంజిన్ నడుస్తున్నా బొమ్మ నిలకడగా ఉంది, హోమ్‌కి దూకడం ఆగిపోయింది. రామం గారు, మూర్తి గారు, చాలా థ్యాంక్స్.

ఇప్పుడు వేరే రెండు. బొమ్మ అద్దంలోలా కాకుండా కుడి ఎడమలు తారుమారుగా ఉంది. ఇంకా స్క్రీన్ మీద రెండు సెట్ల రంగు గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

సుజాత_ఆర్
కెమెరా వైరు మధ్యలో రెండు చిన్న లూపులు ఉంటాయి చూడండి. ఒకటి బొమ్మ తిప్పడానికి, ఒకటి గీతలు తీసేయడానికి. రంగులు ఒక్కో కెమెరాకి ఒక్కోలా ఉంటాయి, కాగితం చూసి కత్తిరించండి. లూపు నడిమధ్యలో కత్తిరించి రెండు కొసలకీ విడివిడిగా టేపు చుట్టండి, మళ్ళీ కలపాల్సి రావచ్చు.

గీతల్లో కెమెరావి తీసేసి, సర్దుకునే వీలుంటే స్టీరియోవి ఉంచండి. కెమెరా గీతలు ఏదో ఒక ఎత్తుకీ వంపుకీ గీసినవి, మన కారుకి సరిపోవు. కారు వెనక నేల మీద అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దగ్గర టేపు అంటించి, ఎర్ర గీత అర మీటరు టేపు మీదకి తెచ్చుకోండి. స్టీరింగ్ తిప్పినా ఇవి కదలవు, కదిలే గీతలకి స్టీరింగ్ కోణం స్టీరియోకి తెలియాలి.

వంపు పెట్టేటప్పుడు బంపరు అంచు బొమ్మ అడుగున కొద్దిగా కనపడాలి. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. కారు వెనక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు జాగా కనపడాలని, రివర్స్ వేసిన 2 సెకన్లలో బొమ్మ రావాలని ఆ నిబంధన. మనం పెట్టుకునేవాటికీ అదే కొలత అనుకుంటే బాగుంటుంది. ఆకాశం సగం కనిపిస్తుంటే కెమెరా ఎత్తి పెట్టినట్టే.

కొత్తస్టీరింగ్
బొమ్మ తిప్పే లూపు తెల్లదట, దొరికింది. బొమ్మ ఒక సెకనులోనే వస్తోంది.

సెడాన్_శీను
ఇదే టాపిక్‌లో అడగొచ్చా? నా కారుకి కంపెనీ కెమెరా ఉంది. స్టీరియో మార్చాక అది రావట్లేదు. ఫిట్టింగ్ చేసినతను కెమెరా వైరుకి నేరుగా 12 వోల్ట్లు ఇచ్చి చూద్దామంటున్నాడు.

రిలే_రామం
ఇవ్వనివ్వకండి! కంపెనీ కెమెరాల్లో 6 వోల్ట్లవి ఉంటాయి. 12 ఇస్తే పోతుంది, ఒరిజినల్ కెమెరా కొనడం మామూలు ఖర్చు కాదు.

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
అవును. కంపెనీ కెమెరాకి కరెంటు చాలా కార్లలో పాత స్టీరియోలోంచే వస్తుంది. దాన్ని తీసేశారు కాబట్టి కెమెరాకి ఇప్పుడు కరెంటే లేదు. పాత స్టీరియో మీ దగ్గరుంటే తిరిగి తగిలించి, రివర్స్ వేసి, కెమెరా పవర్ తీగలో ఎంత వస్తోందో కొలవండి. ఆరు వస్తే 12 నుంచి 6కి దించే చిన్న కన్వర్టరు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. వీడియో కూడా మామూలు పసుపు పిన్ను రకం సిగ్నల్ కావాలి. కొత్త కార్లు కొన్నిటిలో కెమెరా డిజిటల్‌గా పంపుతుంది, దాన్ని బయట స్టీరియో అర్థం చేసుకోదు. బయట కొనే వాటిలోనూ ఏహెచ్‌డీ (ఎక్కువ స్పష్టత ఉండే కొత్త రకం అనలాగ్) కెమెరాని పాత రకం స్టీరియోకి తగిలిస్తే 'సిగ్నల్ లేదు' అనే వస్తుంది.

సెడాన్_శీను
పాత స్టీరియో ఇంట్లోనే ఉంది. రేపు కొలిచి ఇక్కడే రాస్తా.

ఆటోఎలక్ట్రిక్_మూర్తి
కొలిచేటప్పుడు మీటరు నల్ల ముల్లు కారు బాడీకి కాదు, కెమెరా ఎర్త్ తీగకే పెట్టండి. ఏ తీగ ఏదో తెలియకపోతే మీ మోడల్ వైరింగ్ బొమ్మ దొరికేదాకా ఆగండి.